ఇంట్లో తోలు బెల్టు: కోత, చేతి కుట్టు

తోలు బెల్టు నిర్మాణం చాలా సాదా. నడుము చుట్టూ వచ్చే ఒక పట్టీ, ఒక కొసన బకిల్, రెండో కొసన చిల్లులు, ఆ కొసను అదిమి పట్టే చిన్న లూపు. చెప్పుకు కావలసిన అచ్చులు దీనికి అక్కర్లేదు, సంచికి ఉండే మూలల మడతలు దీనికి లేవు. అందుకే ఇంట్లో తోలుపని నేర్చుకోదలచినవాళ్లు చాలామంది బెల్టుతోనే మొదలుపెడతారు. ఈ పని గురించిన పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ప్రధాన స్థానం కుట్టుదే. మైనం పట్టిన దారంతో, రెండు సూదులతో, ఒక్కటే వాలులో సాగే ఆ వరస కంటికి ఇంపుగా ఉంటుంది కాబట్టి బెల్టు గొప్పతనమంతా అక్కడే ఉందనిపిస్తుంది. నిజానికి బెల్టు ఎన్నేళ్లు మన్నుతుందన్నది చాలావరకు సూది పట్టుకోక ముందే, తోలు ఎంచుకున్నప్పుడూ కోసినప్పుడూ తేలిపోతుంది. కుట్టుకు పని కొద్ది అంగుళాల మేరే ఉంది. ఆ కొద్ది అంగుళాల్లో మాత్రం చేతి కుట్టు విలువ నిజమైనదే. ఏ పనికి ఎంత శ్రద్ధ, ఎంత డబ్బు పెట్టాలో ఈ రెండు విషయాలూ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

బెల్టులు ఎలా పాడవుతాయో చూస్తే ఈ మాటకు ఆధారం దొరుకుతుంది. లాగుడుకు తెగిపోయిన బెల్టు కనిపించడం అరుదు. 38 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని అడ్డంగా కోస్తే ఆ కోత వైశాల్యం 152 చదరపు మిల్లీమీటర్లు. మంచి పట్టీ తోలు చదరపు మిల్లీమీటరుకు 15 నుంచి 25 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. తక్కువ అంకె తీసుకున్నా మొత్తం 2,280 న్యూటన్లు, అంటే సుమారు 230 కిలోల బరువు వేలాడదీసినంత. నడుము మీద అంత లాగుడు పడే సందర్భమే లేదు. బెల్టులు పాడయ్యే దారులు వేరు. పైపూత పగిలి పెచ్చులుగా ఊడిపోతుంది. పట్టీ సాగి చిల్లులు కోలగా మారతాయి. బకిల్ దగ్గరి మడత చిట్లుతుంది. రెండు పొరలతో చేసినదైతే పొరలు విడిపోతాయి. మొదటిది తోలు తప్పు, రెండోది తోలు ఎక్కణ్నుంచి కోశారన్నదాని తప్పు, మూడోది మడతను పలచన చేసిన తీరులోని తప్పు. కుట్టు మీదకు తోయగలిగింది నాలుగోది ఒక్కటే, అదీ పూర్తిగా కాదు.

పెచ్చులూడే బెల్టుల్లో చాలా వాటిలో ఉన్నది మనం తోలు అనుకునే తోలు కాదు. ఫ్యాక్టరీల్లో మిగిలిన తోలు పొడినీ తుక్కునూ జిగురుతో అట్టలా ఒత్తి, పైన పాలీయురిథేన్ పూత వేసి, తోలు గీతల్లాంటి అచ్చు కొట్టి అమ్ముతారు. ఇంకొన్నింట్లో చర్మాన్ని మందంలో రెండుగా చీల్చాక మిగిలిన అడుగు పొర ఉంటుంది. అదీ తోలే కాబట్టి ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్ర దాని మీదా పడుతుంది. ఆ ముద్ర నాణ్యతకు హామీ కాదని కొనేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చర్మం పైభాగంలో, వెంట్రుకల వైపు, పోగులు సన్నగా, దగ్గరగా అల్లుకుని ఉంటాయి. కిందికి పోయేకొద్దీ కొలాజెన్ పోగులు లావు కట్టలుగా ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. పైపొర రాపిడినీ తడినీ ఆపుతుంది, కింది అల్లిక బలాన్నిస్తుంది. రెండూ కలిసి ఉన్న నిండు మందం తోలే బెల్టుకు తగినది.

అయితే నిండు మందం తోలంతా ఒక్కలాంటిది కాదు. ఒకే చర్మంలో వెన్ను వెంబడి ఉన్న భాగంలో పోగులు దట్టంగా ఉంటాయి. మెడ దగ్గర ముడతలుంటాయి. పొట్ట దగ్గర అల్లిక వదులు, లాగితే సాగుతుంది. జంతువు బతికి ఉన్నప్పుడు మేత తిన్న కడుపు ఉబ్బడానికి ఆ సాగుడే కావాలి, బెల్టుకు పనికిరానిదీ అదే. అందుకే పట్టీని వెన్నుపూసకు సమాంతరంగా, వెనక భాగం నుంచి మెడ వైపు కోయాలని తోలుపనివాళ్లు చెబుతారు. వెన్నుకు అడ్డంగా కోస్తే ఒకే బెల్టులో ఒక కొస గట్టిగా, మరో కొస మెత్తగా వస్తుంది. ఎంత చక్కని కుట్టయినా ఆ తేడాను సరిచేయలేదు. ముందే కోసిన పట్టీ కొనేవాళ్లకు దాని పుట్టుక తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పట్టీని నునుపు వైపు లోపలికి వచ్చేలా వంచి చూడాలి. వెన్ను తోలైతే వంపులో సన్నని, దగ్గర దగ్గరి గీతలు పడతాయి. పొట్ట తోలైతే పైపొర కింది దాన్నుంచి లేచినట్టు పెద్ద పెద్ద ముడతలు పడతాయి. వెనక్కి తిప్పి చూస్తే పొట్ట తోలుకు పొడుగాటి నూగు వేలాడుతూ ఉంటుంది, వెన్ను తోలు వెనకవైపు కురచ నూగుతో గట్టిగా ఉంటుంది. గేదెల సంఖ్యలో ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిదే కాబట్టి మన దగ్గర మందపాటి తోలంటే ఎక్కువగా గేదె తోలే. ఆవు తోలుతో పోలిస్తే దాని పైముఖం గరుకు, పోగు లావు. చూపులో నాజూకు తక్కువైనా పట్టీలకు బాగా సరిపోతుంది.

తర్వాతి ప్రశ్న పదును. పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మార్చే ఈ ప్రక్రియకు తెలుగు పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. చర్మాన్ని సున్నపు నీళ్లలో నానవేసి, వెంట్రుకలు రాల్చి, మాంసం వైపు గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో వారాల తరబడి ఊరవేసేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు పువ్వు అందరికీ తెలిసిందే. ఆ చెట్టు బెరడు మీద దక్షిణ భారతమంతటా ఒక పరిశ్రమే నడిచిన సంగతి అంతగా తెలియదు. మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఎగుమతైన ‘ఈస్ట్ ఇండియా’ తోలు ఆ బెరడుతో పదునైనదే. ఇంగ్లండులో ఓక్ బెరడుది ఇదే పాత్ర. డెవన్‌లోని కోలిటన్‌లో ఇప్పటికీ ఆ బెరడు గుంటల్లో తోలును ఏడాదికి పైగా ఊరవేస్తున్నారు. క్రోమ్ పద్ధతి వచ్చి ఈ నిదానాన్ని మార్చేసింది. అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ 1884లో, మార్టిన్ డెనిస్ 1893లో దానికి పేటెంట్లు తీసుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ పూనికతో అది మద్రాసుకు వచ్చింది. చెన్నై శివారు క్రోంపేటకు ఆ పేరు అక్కడి క్రోమ్ తోలు ఫ్యాక్టరీ వల్లే వచ్చింది. బెరడుతో వారాలు పట్టే పని క్రోమియం లవణాలతో ఒకట్రెండు రోజుల్లో తెమిలిపోతుంది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో అధిక భాగం క్రోమ్ తోలే.

ఇంటి పనివాడికి మాత్రం బెరడుతో పదునైన తోలే, వ్యాపారులు ‘వెజ్ టాన్’ అనేదే, మేలు. దీనికి కారణం పాతదానిపై మమకారం కాదు. ఈ తోలు బిర్రుగా ఉంటుంది, తక్కువ సాగుతుంది, కోసిన అంచును తడిపి రుద్దితే పోగులు ఒకదానికొకటి అంటుకుని నున్నగా మెరుస్తాయి, తడిపి వంచితే ఆరాక ఆ వంపు నిలుస్తుంది. క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా పోగులు మళ్లీ లేస్తాయి. దానికి రంగు పూత తప్పదు, ఆ పూత కొన్నాళ్లకు రాలుతుంది. రెంటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. రంగు వేసిన క్రోమ్ తోలును కోస్తే మధ్యలో తరచు నీలి బూడిద చాయ కనిపిస్తుంది, వెజ్ టాన్ మధ్యలో గోధుమ రంగుంటుంది. ఒక ముక్కను మరిగే నీళ్లలో వేస్తే వెజ్ టాన్ ముడుచుకుని గట్టిపడుతుంది, మంచి క్రోమ్ తోలు దాదాపు అలాగే ఉంటుంది. ఈ చివరి పరీక్ష మీదే ఒక ఆక్షేపణ రావచ్చు: వేడినీ తడినీ క్రోమ్ తోలే బాగా తట్టుకుంటున్నప్పుడు, చెమట పట్టే మన వాతావరణానికి అదే కదా సరైనది? పొలంలో, వానలో, రోజంతా తడిలో పనిచేసేవాళ్లకు ఆ మాట నిజమే. మిగతావారి బెల్టుకు అసలు శత్రువు సాగుడు, మరిగే నీళ్లు కావు. వెజ్ టాన్ చెమటకు నల్లబడుతుంది, కోస్తాలో వానాకాలం గాలాడని బీరువాలో పెడితే బూజు పడుతుంది. గాలి తగిలే చోట వేలాడదీసి, ఏడాదికి ఒకట్రెండుసార్లు పలచగా నూనె అద్దితే ఆ ఇబ్బంది తీరుతుంది. పల్లెల్లో తోలు చెప్పులకు ఆముదం రాసింది ఇందుకే. అతిగా పట్టిస్తే మాత్రం పట్టీ మెత్తబడి సాగుతుంది.

పర్యావరణం పేరుతో వెజ్ టాన్‌ను సమర్థించేవాళ్ల వాదనను మాత్రం జాగ్రత్తగా తూచాలి. తమిళనాడులో పాలారు పరీవాహకంలో తోలు ఫ్యాక్టరీల వ్యర్థాలు భూములనూ బావులనూ పాడుచేసిన తీరు మీద సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో ఇచ్చిన తీర్పు దేశ పర్యావరణ న్యాయానికే మలుపు. క్రోమియం ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. అలాగని బెరడు లందల నుంచి వచ్చే ముదురు గోధుమ నీళ్లు నిరపాయకరం కావు. కరిగిన సేంద్రియ పదార్థాలతో అవి చెరువు ప్రాణవాయువును తినేస్తాయి. సున్నం, ఉప్పు రెండు పద్ధతుల్లోనూ ఉన్నాయి. కనుక ప్రకృతికి మేలన్న మాటతో వెజ్ టాన్ కొనడం కంటే, ఏళ్ల తరబడి మన్నే వస్తువును ఒక్కసారే చేసుకోవడం నిజాయితీ గల కారణం.

కోత విషయానికొస్తే, ఇక్కడ జరిగిన పొరపాటుకు తర్వాత దిద్దుబాటు లేదు. మొదట తోలుకు ఒక తిన్నని అంచు తేవాలి. పొడవాటి ఇనుప స్కేలును వెన్ను వైపు ఆనించి, జారకుండా అదిమి, సానరాయి మీద కొత్తగా పట్టిన కత్తిని నిట్టనిలువుగా పట్టి లాగాలి. మొండి కత్తి తోలును కోయదు, ముందుకు నెడుతుంది. కత్తి ముందు తోలు చిన్న అలలా లేస్తున్నదంటే ఆపి సాన పట్టాలని అర్థం. నాలుగు మిల్లీమీటర్ల తోలును ఒకే ఊపులో తెంచాలని చూస్తే చేయి వంగి అంచు ఏటవాలుగా వస్తుంది. మొదటి లాగుడు దారి వేయడానికి, రెండోది తెంచడానికి అనుకుంటే కోత నిలువుగా ఉంటుంది. అంచు ఒకసారి తిన్నగా వచ్చాక, చెక్కతో చేసిన పట్టీ కోత పనిముట్టు ఉంటే మిగతాది సులువు. దానిలోని బ్లేడుకూ అంచుకూ మధ్య దూరం కోరిన వెడల్పుకు బిగించి లాగితే ఒకే వెడల్పు పట్టీలు వరసగా వస్తాయి. అది లేనివాళ్లు పట్టీకి ఇరువైపులా స్కేలు పెట్టి కోయవచ్చు. అర మిల్లీమీటరు తేడా కంటికి తెలియదు, రెండు మిల్లీమీటర్ల తేడా బకిల్‌లోకి తోసినప్పుడు తెలుస్తుంది. ప్యాంటు లూపులకు 32 నుంచి 35 మిల్లీమీటర్లు, జీన్స్‌కు 38 మిల్లీమీటర్లు వాడుకలో ఉన్న వెడల్పులు.

పొడవును ప్యాంటు మీది అంకెను బట్టి కోయకూడదు. ఆ అంకె చాలా కంపెనీల్లో అసలు నడుము కొలత కన్నా తక్కువే ఉంటుంది, పైగా బెల్టు ప్యాంటు బట్ట మీదుగా తిరగాలి. ఇప్పుడు వాడుతున్న బెల్టును పరచి, బకిల్‌లో తోలు మడిచిన చోటు నుంచి రోజూ పెట్టుకునే చిల్లు దాకా కొలవడమే నమ్మదగిన పద్ధతి. ఆ కొలత 90 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ చిల్లు ఐదింటిలో నడిమిది కావాలి. దాని తర్వాత రెండున్నర సెంటీమీటర్ల ఎడంలో మరో రెండు చిల్లులకు 5, కొసకు 10, బకిల్ మడతకు 7 కలిపితే పట్టీ 112 సెంటీమీటర్లు. మడతలో బకిల్ ముల్లు ఆడటానికి రెండున్నర సెంటీమీటర్ల పొడుగు సందు తీయాలి. సందు రెండు కొసల్లోనూ గుండ్రని చిల్లు వేసి, వాటిని కలుపుతూ కోయాలి. కొసలు కోసుగా వదిలితే చిరుగు అక్కణ్నుంచే మొదలవుతుంది. తర్వాత మడిచే భాగాన్ని వెనకవైపు నుంచి గీకి మందాన్ని సగానికి దగ్గరగా తేవాలి. మన చెప్పులు కుట్టేవాళ్లు రంపెతో చేసే పని ఇదే. అతిగా పలచన చేస్తే బకిల్ కడ్డీ దగ్గర తోలు తెగుతుంది, అసలు చేయకపోతే మడత ఉబ్బి నునుపు వైపు చిట్లుతుంది. మడిచేముందు ఆ చోటును తడపడం మరువకూడదు.

తడి తోలు దగ్గర ఇనుము విషయంలో జాగ్రత్త అవసరం. బెరడులోని టానిన్ ఇనుముతో కలిస్తే నీలి నలుపు ఏర్పడుతుంది. తడి పట్టీ మీద ఇనుప పొడి పడినా, తుప్పు చేయి తగిలినా వదలని మచ్చ పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు పుట్టేదీ ఈ చర్యతోనే. అక్కడ కరక్కాయ పట్టిన గుడ్డ మీద, ఇనుము వేసి పులియబెట్టిన బెల్లం నీళ్లతో గీత గీస్తారు. బెల్టును నల్లగా చేయాలంటే ఇదే గుణాన్ని వాడుకోవచ్చు, వద్దంటే ఇత్తడి బకిల్ ఎంచుకోవడం మంచిది.

ఇక కుట్టు. బకిల్ కడ్డీని తోలు చుట్టి వచ్చినప్పుడు లాగుడు రెండు పాయలుగా చీలుతుంది. సగం నేరుగా పట్టీ మీద, మిగతా సగం మడిచిన కురచ భాగం మీద పడుతుంది. ఆ రెండో సగాన్ని పట్టీకి అప్పగించే బాధ్యత కుట్టుది. బెల్టు మొత్తంలో కుట్టు నిజంగా బరువు మోసేది ఇక్కడే, ఆ తర్వాత కొంచెం లూపు దగ్గర. ఒంటి పొర బెల్టు అంచుల వెంబడి కొస దాకా సాగే కుట్టు ఏ బరువూ మోయదు. అది అలంకారం. అలంకారంగా ఇష్టపడితే తప్పులేదు గానీ బలం కోసమని చెప్పి వందల చిల్లులు వేయడం తోలుకు అపకారం. అంగుళానికి పదేసి చిల్లులు వేసిన పట్టీ తపాలా బిళ్ల అంచులా చిరగడానికి దారి ఇస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల తోలుకు అంగుళానికి ఐదారు కుట్లు చాలు. రెండు పొరల బెల్టు మేలంటారా? అక్కడ లెక్క వేరు. రెండేసి మిల్లీమీటర్ల పొరలను కలిపితే వాటి నడిమి రేఖల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు. వలయంగా చుట్టినప్పుడు బయటి పొర లోపలి దానికంటే దాదాపు పన్నెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగుండాలి. బల్ల మీద చదునుగా అంటించి కుట్టిన బెల్టులో లోపలి పొర ముడతలు పడేది, జిగురు విడిచేది ఈ తేడా వల్లే. వంచి పట్టుకుని అంటిస్తే ఇబ్బంది తగ్గుతుంది. మందపాటి వెన్ను తోలు దొరికినవాడికి అసలు ఈ శ్రమే అక్కర్లేదు.

బకిల్ దగ్గరి ఆ కొద్ది కుట్టును ఎలా వేయాలో కాస్త నిదానంగా చూడటం అవసరం. అంచుకు మూడు మిల్లీమీటర్ల లోపల ఒక గీత గీసి, దాని మీద పళ్ల పనిముట్టుతో గానీ, అది లేకపోతే స్కేలుతో కొలిచి గానీ వాలు గుర్తులు వేసుకోవాలి. ఆ గుర్తుల్లో డైమండ్ ఆకారపు మొన ఉన్న ఆరెతో పొడవాలి. గుండ్రని చిల్లులకన్నా వాలు చిల్లుల మధ్య మిగిలే తోలు ఎక్కువ, కుట్టుకు వాలు వచ్చేదీ దానివల్లే. పట్టీని రెండు చెక్కల మధ్య బిగించి మోకాళ్ల నడుమ పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు మొద్దు మొన సూదులు. ప్రతి చిల్లులోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దూరాలి. మొదట ఎడమ సూది, దాని కిందుగా కుడి సూది అనుకుంటే ఆఖరి చిల్లు దాకా అదే క్రమం. క్రమం ఒక్కచోట మారినా వాలు అక్కడే చెడుతుంది. రెండో సూది మొదటి దారాన్ని గుచ్చుకోకుండా, మొదటి దారాన్ని వెనక్కి లాగి పట్టుకోవాలి. దారం ఎంత తీసుకోవాలన్నదానికి కుట్టు పొడవుకు నాలుగింతలన్న లెక్క ప్రచారంలో ఉంది, బెల్టుకు అది చాలదు. ఆరు మిల్లీమీటర్ల మందం మడతలో, అంగుళానికి ఆరు కుట్ల చొప్పున, ఒక్కో సూది ఒక్కో కుట్టుకు పది మిల్లీమీటర్లకు పైగా నడుస్తుంది. పది సెంటీమీటర్ల కుట్టుకు రెండు సూదులూ కలిసి దాదాపు అర మీటరు తింటాయి. సూదుల దగ్గరి పట్టుకు, చివర వెనక్కి వేసే రెండు మూడు కుట్లకు మరో 40 సెంటీమీటర్లు కలుపుకోవాలి. దారాన్ని మరీ బిగించి లాగితే అది తోలును కోసుకుంటూ లోపలికి దిగుతుంది. దారం తోలు మీద ఒదిగి కూర్చుంటే చాలు.

యంత్రం కుట్టులో పై దారం, కింది దారం తోలు మందంలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి. ఒక వైపు దారం అరిగి తెగితే ఆ కొక్కెం వదులై కుట్టు ఊడే అవకాశముంది. చేతి కుట్టులో రెండు దారాలూ ప్రతి చిల్లు గుండా పూర్తిగా దాటతాయి. ఒకటి తెగినా రెండోది చిల్లులన్నిటినీ పట్టుకునే ఉంటుంది. ఈ కుట్టుకు పేరు తెచ్చింది బెల్టు కాదు, గుర్రపు జీను. ఇంగ్లండులో వాల్సాల్ పట్టణపు జీను పనివాళ్లకు కుట్టు విడిపోవడమంటే మనిషి ప్రాణం పోవడమే. బెల్టు కూడా నిజంగా బరువు మోసిన సందర్భాలు సైన్యంలో ఉన్నాయి. 1858లో సిపాయిల తిరుగుబాటు పోరులో ఎడమ చేయి పోగొట్టుకున్న శామ్యూల్ బ్రౌన్ అనే అధికారి ఒంటి చేత్తో కత్తి దూయడానికి వీలుగా భుజం మీదుగా పట్టీ వేసి నడుము బెల్టును నిలబెట్టాడు. ఆ బెల్టు భారతదేశంలోనే పుట్టి ప్రపంచ సైన్యాలకు పాకింది, మన పోలీసు అధికారుల క్రాస్ బెల్టులో నేటికీ ఉంది. అలాంటి బెల్టులో కొక్కేలు తగిలించే ప్రతిచోటా కుట్టు బలం లెక్కలోకి వస్తుంది. ప్యాంటు బెల్టుకు ఆ కీర్తినంతా అప్పనంగా అంటగట్టడం సరికాదు. లావు దారంతో, సరైన బిగువుతో భారీ యంత్రం వేసిన కుట్టు దానికి చక్కగా సరిపోతుంది. చిక్కేమంటే ఇంట్లో ఉండే కుట్టుమిషను ఆరు మిల్లీమీటర్ల తోలును కుట్టలేదు, కుట్టగల యంత్రం ఒకట్రెండు బెల్టుల కోసం కొనేది కాదు. కాబట్టి ఇంటి పనిలో ఎంపిక చేతి కుట్టుకూ రివెట్లకూ మధ్యే. రివెట్లు, విప్పి బిగించే స్క్రూలు త్వరగా పడతాయి, స్క్రూలుంటే బకిల్ మార్చుకోవచ్చు. కానీ లాగుడంతా రెండు మూడు పెద్ద చిల్లుల మీద పడుతుంది, కుట్టు దాన్ని ఇరవై ముప్పై చిన్న చిల్లులకు పంచుతుంది. బకిల్ మార్చే ఆలోచన లేనివాళ్లకు కుట్టే మేలు.

పనిముట్లకయ్యే ఖర్చుతో అంగట్లో నాలుగు బెల్టులొస్తాయన్న ఆక్షేపణ నిజం. ఒకే ఒక్క బెల్టు కోసమైతే ఇది లాభసాటి పని కాదు. అయితే ఆ ఖర్చులో పెద్ద భాగం అవసరం లేని వాటి మీద పోతుంది. పదును గల కత్తి, ఇనుప స్కేలు, ఆరె, రెండు సూదులు, మైనం దారం, ఒక చిల్లుల పంచి, కొయ్య సుత్తి, అంచు రుద్దడానికి నున్నని కర్ర ముక్క ఉంటే బెల్టు పూర్తవుతుంది. అందమైన పళ్ల పనిముట్ల సెట్టుకు పెట్టే డబ్బును వెన్ను తోలుకు పెట్టినవాడి బెల్టే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంట్లో వ్యాపకంగా తోలుపని ఇవాళ గౌరవంగా కనిపిస్తోంది. తెలుగు నేలలో శతాబ్దాలు ఈ పని చేసినవాళ్లకు, ముఖ్యంగా మాదిగలకు, అదే పని పేరుతో అంటరానితనం దక్కింది. లందలో చర్మం ఊరవేసిందీ, పొలాలకు నీళ్లు తోడిన మోట బొక్కెనలు కుట్టిందీ, డప్పు బిగించిందీ, ఎద్దుల మెడపట్టీలూ చెప్పులూ చేసిందీ వాళ్లే. మోటర్లు వచ్చి మోట పోయింది, ప్లాస్టిక్ వచ్చి చెప్పులు పోయాయి, ఆ నైపుణ్యానికి బతుకుతెరువు కుంచించుకుపోయింది. కత్తి ఎటు వంచాలో, ఆరె ఎంత లోతు దించాలో, మడతను రంపెతో ఎక్కడిదాకా గీకాలో ఏ వీడియో చూపించలేనంత స్పష్టంగా చూపించగలవాళ్లు మన ఊళ్లలో రోడ్డు పక్క చెప్పుల మరమ్మతు చేస్తూ ఇంకా ఉన్నారు. విదేశీ పనిముట్ల సెట్టుకు ఆర్డరు పెట్టేముందు వాళ్లలో ఒకరి దగ్గరకు వెళ్లండి. గురువుగా పిలవండి, నేర్పిన ప్రతి గంటకూ అడిగినంత ఫీజు చేతిలో పెట్టండి.